మనవాళ్ళే అని తెలిసేలోపు
ధారావాహిక: తప్పిన గురి – 6వ భాగం

రెండో ప్రపంచ యుద్ధం ప్రకటించిన మూడు రోజులకే, 1939 సెప్టెంబరు 6న, ఇంగ్లండ్ ఆకాశంలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు బ్రిటిష్ హరికేన్లను కూల్చాయి. ఆ బార్కింగ్ క్రీక్ ఉదంతాన్ని గత భాగంలో చూశాం. ఈ భాగంలో కథ మన తెలుగు తీరానికి వస్తుంది. కాలం 1971 డిసెంబరు. ఆదేశాలు వెళ్ళింది విశాఖపట్నం నుంచి, పడవలు మునిగింది తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్)లోని ఖుల్నా దగ్గర.

విశాఖలో లేని నౌక

1971 నవంబరు నాటికి యుద్ధం తప్పదని ఇరుపక్షాలకూ తెలిసిపోయింది. బంగాళాఖాతంలో మన బలమంతా విమాన వాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ మీద ఆధారపడి ఉంది. దాని బాయిలర్‌లో పగుళ్ళు రావడంతో పూర్తి వేగం అందుకోలేని స్థితి. దాన్ని ముంచితే తూర్పు పాకిస్తాన్ చుట్టూ భారత్ వేసే దిగ్బంధం విడిపోతుందని పాకిస్తాన్ లెక్క వేసింది. నవంబరు 14న కరాచీ నుంచి ఘాజీ జలాంతర్గామి బయలుదేరింది. ఒకప్పుడు అమెరికా నౌకాదళంలో 'డయాబ్లో' పేరుతో పనిచేసిన జలాంతర్గామి అది. అంత దూరం వచ్చి పోరాడి తిరిగి వెళ్ళగల జలాంతర్గామి పాకిస్తాన్‌కు అదొక్కటే.

విశాఖలో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడి అప్పటికి మూడేళ్ళు దాటింది. దాని అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్ విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ దీవుల వైపు పంపించారు. విశాఖ మాత్రం విక్రాంత్ ఇంకా తన దగ్గరే ఉన్నట్టు నటించింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ సముద్రంలోకి వెళ్ళి, విమాన వాహక నౌక నుంచి వెలువడే స్థాయిలో వైర్‌లెస్ సందేశాలు పంపింది. బజారులో కూరగాయలు, మాంసం పెద్ద ఎత్తున కొన్నారు. అంత తిండి కావాలంటే పెద్ద నౌకలు రేవులో ఉన్నట్టేనని గూఢచారులు అనుకోవాలి. తల్లి ఆరోగ్యం ఎలా ఉందో అడుగుతూ ఒక నావికుడు విక్రాంత్ నుంచి పంపినట్టుగా ఒక తంతిని కూడా రహస్య లిపి లేకుండా వదిలారు.

ఘాజీ నమ్మింది. విశాఖ ముంగిటికి వచ్చి కాచుకుంది. డిసెంబరు 3 అర్ధరాత్రి, రేవు దాటుతున్న రాజ్‌పుత్ నీటిలో అనుమానాస్పదమైన కదలిక చూసి డెప్త్ ఛార్జీలు వదిలింది. కొద్దిసేపటికి పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ళ కిటికీలు అదిరాయి. మర్నాడు మత్స్యకారులకు శకలాలు దొరికాయి. ఘాజీలో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. రాజ్‌పుత్ దాడివల్లే మునిగిందని భారత నౌకాదళం చెబుతుంది. లోపల జరిగిన పేలుడు వల్లో, తాను పరిచిన మందుపాతర వల్లో మునిగిందని పాకిస్తాన్ వాదన. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా చూసినవారికి గుర్తుండేది మరో జలాంతర్గామితో పోరాటం. అది కల్పన. అసలు చరిత్రలో ఘాజీని విశాఖకు రప్పించింది ఒక నమ్మకం. ఏది కనిపించాలని అది ఎదురుచూసిందో విశాఖ దానికి అదే చూపించింది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. వారం తిరగకుండానే అలాంటి నమ్మకమే మనవాళ్ళ ప్రాణాలు తీసింది.

పద్మ, పలాష్, పన్వెల్

1971 మార్చిలో ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులో ఉన్న పాకిస్తాన్ జలాంతర్గామి మాంగ్రో నుంచి ఎనిమిది మంది బెంగాలీ నావికులు తప్పించుకుని భారత్ చేరారు. బంగ్లాదేశ్ నౌకాదళానికి బీజం వాళ్ళే. వాళ్ళతో కలిసి, బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడుతున్న ముక్తివాహిని యువకులకు ఈత, మందుపాతరల శిక్షణ ఇచ్చిన రహస్య విభాగాన్ని నడిపింది భారత నౌకాదళ అధికారి ఎం.ఎన్. సామంత్. ఆగస్టులో తూర్పు పాకిస్తాన్ రేవుల్లో నౌకలను పేల్చిన ఆపరేషన్ జాక్‌పాట్ ఆ శిక్షణ ఫలితమే.

ఈతగాళ్ళతో మొదలైన ఆ దళానికి తర్వాత పడవలు కావలసి వచ్చాయి. కలకత్తా పోర్టు ట్రస్టు పడవలు రెండింటికి 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు బిగించి పద్మ, పలాష్ అని పేర్లు పెట్టారు. వీటిలో భారత అధికారులు, బంగ్లా నావికులు కలిసి పనిచేశారు. నవంబరులో మంగ్లా రేవుకు వెళ్ళే జలమార్గంలో ఇవి మందుపాతరలు పరిచాయి.

పలాష్ ఇంజిన్ గదిలో మహమ్మద్ రుహుల్ అమీన్ ఉన్నారు. నోవాఖాలీ ప్రాంతం మనిషి. 1953లో పాకిస్తాన్ నౌకాదళంలో చేరి ఇంజిన్ పని నేర్చిన అనుభవజ్ఞుడు. యుద్ధం మొదలయ్యాక ఆ కొలువు వదిలి ముక్తివాహిని వైపు వచ్చేశారు.

డిసెంబరు మొదటి వారంలో సామంత్‌కు కొత్త పని అప్పగించారు. సుందరవనాల నదుల గుండా మంగ్లాకు, అక్కడి నుంచి ఖుల్నా వైపు వెళ్ళి అక్కడి పాకిస్తాన్ నౌకా స్థావరాన్ని దెబ్బతీయాలి. భారత నౌకాదళపు గస్తీ పడవ ఐఎన్ఎస్ పన్వెల్, దాని వెంట పద్మ, పలాష్ బయలుదేరాయి. సరిహద్దు భద్రతా దళం పడవ చిత్రాంగద కూడా వీటితో కలిసింది. పన్వెల్ కమాండర్ లెఫ్టినెంట్ కమాండర్ జె.పి.ఎ. నొరోన్హా. పలాష్ కమాండర్ లెఫ్టినెంట్ కమాండర్ జె.కె. రాయ్‌చౌధురి.

పైనుంచి చూసే మన విమానాలు పోల్చుకునేందుకు పడవల పైభాగాన పసుపు రంగు గుర్తు ఉంచారు. మన నిజామాబాద్ జిల్లాలో ముప్కాల్, ఆర్మూర్ పక్క ఊళ్ళవాళ్ళకు ఆ ఎంపిక ఎందుకో చెప్పనక్కర్లేదు. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కల్లంలో ఎండుతుంటే చెరువు కట్ట మీది నుంచి కూడా కళ్ళను లాగుతాయి. బురద నీళ్ళ నది మీద అంతకన్నా స్పష్టంగా కనిపించే రంగు మరొకటి ఉండదు. నేల మీద నిలబడి ఆలోచించిన వారికి అది చాలిన ఏర్పాటే.

డిసెంబరు 10, మిట్టమధ్యాహ్నం

ఉదయం పడవలు మంగ్లా చేరాయి. అక్కడ చెప్పుకోదగ్గ ప్రతిఘటన ఎదురుకాలేదు. పన్వెల్, పద్మ, పలాష్ మూడూ వరుస కట్టి ఖుల్నా వైపు సాగాయి. మధ్యాహ్నం కావస్తుండగా ఖుల్నా షిప్‌యార్డ్ దగ్గరపడింది. అప్పుడు ఆకాశంలో విమానాలు కనిపించాయి.

పడవల మీదివాళ్ళు తుపాకులు ఎక్కుపెట్టి, కాల్చమంటారా అని అడిగారు. అవి భారత విమానాలని, కాల్చవద్దని సామంత్ చెప్పారు. ఆయన పోల్చుకున్నది నిజమే. అవి భారత వాయుసేన నాట్ విమానాలు. ఆ రోజు మొత్తంలో ఒకరినొకరు సరిగ్గా గుర్తుపట్టడం ఒక్కవైపు నుంచే జరిగింది. పడవలు విమానాలను గుర్తుపట్టాయి. విమానాలు పడవలను గుర్తుపట్టలేదు.

నాట్లు వాలి దాడి చేశాయి. మొదటి దెబ్బ పద్మ ఇంజిన్ గదికి తగిలింది. తర్వాత పలాష్ వంతు. ఓడ వదిలి దూకేయమని పలాష్ మీద ఆజ్ఞ వచ్చింది. రుహుల్ అమీన్ ఇంజిన్ దగ్గర నుంచి కదల్లేదు. ఇంజిన్ నడుస్తున్నంత సేపు పడవను కాపాడవచ్చని ఆయన పట్టుదల. మరో దెబ్బకు ఇంజిన్ గది అంటుకుంది. గాయాలతోనే నదిలోకి దూకి ఒడ్డుకు ఈదారు. ఒడ్డున ఉన్నది రజాకార్లు, పాకిస్తాన్ పక్షాన పోరాడిన స్థానిక సాయుధులు. మన బోధన్, నిజామాబాద్ పెద్దలకు 1948 నుంచి గుర్తున్న పేరే అది, దళం వేరు. ఒడ్డెక్కిన ఆ మనిషిని వాళ్ళు చంపేశారు.

నీళ్ళలో పడినవారిలో కొందరిని పన్వెల్ కాపాడింది. కొందరు ఒడ్డున పాకిస్తాన్ బలగాల చేతికి చిక్కారు. ఆ యాత్రలో చూపిన ధైర్యానికి సామంత్‌కు, నొరోన్హాకు మహావీర్ చక్ర, రాయ్‌చౌధురికి వీర్ చక్ర దక్కాయి. రుహుల్ అమీన్‌కు బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠో ఇచ్చింది. ఆ దేశ చరిత్రలో దాన్ని అందుకున్నది ఏడుగురే. రూప్సా నది తూర్పు ఒడ్డున ఆయన సమాధి ఉంది.

పైలట్ కంటికి అందేది ఎంత

ఇక్కడ కోపం తెచ్చుకోవడం తేలిక. అంత పెద్ద పసుపు గుర్తు కనిపించలేదా అని అడగాలనిపిస్తుంది. కాక్‌పిట్‌లో కూర్చుని చూస్తే లెక్క వేరు.

విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 220 మీటర్లకు పైగా. రెండు కిలోమీటర్ల దూరంలో పడవ కంట పడితే, దాని మీదికి చేరడానికి మిగిలేది తొమ్మిది సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లలోనే విమానాన్ని వాల్చాలి, గురి కుదుర్చుకోవాలి, కింది నుంచి వచ్చే కాల్పులు చూసుకోవాలి, మళ్ళీ పైకి లేవాలి. గుర్తు వెతకడానికి విడిగా సమయం ఉండదు.

అంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. తూర్పు పాకిస్తాన్ నదుల్లో పాకిస్తాన్‌కు జెస్సోర్, రాజ్‌షాహీ, కోమిల్లా, సిల్హెట్ అనే నాలుగు గన్‌బోట్లు ఉండేవి. అవి చాలక మామూలు నది పడవలకు తుపాకులు బిగించి తిప్పింది. అంటే పద్మ, పలాష్ ఎలా తయారయ్యాయో శత్రువు పడవలూ అలాగే తయారయ్యాయి. డిసెంబరు 10 నాటికి ఖుల్నా ఇంకా పాకిస్తాన్ చేతిలోనే ఉంది. అక్కడి సైన్యం లొంగిపోయింది ఢాకా తర్వాతే. శత్రువు ఊరి ముందు, నదిలో, తుపాకులు బిగించిన పడవలు. పైలట్ బయలుదేరక ముందే అతని మనసులో వాటి పేరు రాసి ఉంది. కన్ను కొత్తగా కనిపెట్టేదేమీ లేదు, మనసు చెప్పినదాన్ని ఖాయం చేయడమే దాని పని. విశాఖ ముందు ఘాజీ చేసింది ఇదే, ఖుల్నా మీద నాట్లు చేసింది ఇదే.

కాబట్టి గుర్తుపట్టడం అనేది ఆకాశంలో జరిగే పని కాదు. విమానం లేవకముందే, నేల మీద, కాగితాల మీద, ఫోన్ల మీద పూర్తికావలసిన పని. ఆ నేల మీది పరిస్థితి చూడండి. తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖలో, తూర్పు సైనిక కమాండ్ కలకత్తా ఫోర్ట్ విలియంలో, తూర్పు వాయు కమాండ్ షిల్లాంగ్‌లో. మూడు దళాలు, మూడు ఊళ్ళు. పడవలు ఎప్పుడు బయలుదేరాయి, ఎంతదూరం వెళ్ళాయి, వాటి గుర్తు ఏమిటి అనే కబురు నౌకాదళం నుంచి వాయుసేన కేంద్రానికి, అక్కడి నుంచి విమాన స్థావరానికి, స్థావరం నుంచి స్క్వాడ్రన్‌కు, చివరికి ఆ పూట ఎగిరే పైలట్‌కు చేరాలి. పడవ కదులుతూనే ఉంటుంది, కబురు దాని వెనక పరుగెత్తాలి. ఈ వరుసలో ఒక్క మెట్టు దగ్గర ఆగినా పసుపు గుర్తు ఉత్త రంగుగానే మిగులుతుంది.

ఒక్క దేశపు తప్పు కాదు

నాలుగు రోజుల ముందే, డిసెంబరు 6న, కరాచీ సముద్రంలో పాకిస్తాన్‌కూ ఇదే జరిగింది. డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద దాడి చేశాయి. నౌకాదళ దినోత్సవం ఆ రాత్రికి గుర్తుగానే జరుపుకుంటాం. ఆ దెబ్బతో కరాచీలో ప్రతి నీడా భారత క్షిపణి పడవలా కనిపించసాగింది. పాకిస్తాన్ యుద్ధనౌక జుల్ఫికర్‌ను ఒక నిఘా విమానం క్షిపణి పడవగా పొరబడి కబురు పంపింది. పాకిస్తాన్ సేబర్ జెట్లు వచ్చి సొంత నౌక మీద తూటాల వాన కురిపించాయి. ఆ నిఘా విమానంలో ఉన్నది సాక్షాత్తు నౌకాదళ పరిశీలకులు. నౌకలు తెలిసినవాళ్ళే నౌకను పోల్చుకోలేకపోయారు.

ఇంకా వెనక్కి, 1965 సెప్టెంబరు 1కి వెళితే, ఛంబ్ రంగంలో పాకిస్తాన్ ట్యాంకులు దూసుకొస్తుంటే సైన్యం విమాన సాయం కోరింది. అనుమతి వచ్చి, వాయుసేన వ్యాంపైర్, మిస్టీర్ విమానాలు చేరేసరికి సాయంత్రం అయింది. పొగ, దుమ్ము, కలగలిసిపోయిన రెండు సైన్యాలు. మన విమానాలు శత్రువుతో పాటు మన 20 లాన్సర్స్ దళం ట్యాంకులను, మందుగుండు వాహనాలను కూడా కొట్టాయి. పాతబడిన వ్యాంపైర్లలో నాలుగు ఆ సాయంత్రమే కూలిపోయాయి. నేల మీద ఉన్నవాడికీ గాల్లో ఉన్నవాడికీ మధ్య నేరుగా మాట కలిపే ఏర్పాటు బలంగా లేకపోతే, సాయానికి వచ్చినవాడే ప్రాణాంతకమవుతాడు. ఆ పాఠం 1965లోనే అందింది. ఆరేళ్ళ తర్వాత ఖుల్నాలో మళ్ళీ చదవాల్సి వచ్చింది.

యంత్రాలు పెరిగాయి కదా అనవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలోనే మిత్రుడా శత్రువా అని తేల్చే రేడియో పరికరం వాడకంలోకి వచ్చింది. దాని పద్ధతి సులభం. రాడార్ వైపు నుంచి సంకేత రూపంలో ప్రశ్న వెళుతుంది, విమానంలోని పరికరం సరైన సంకేతంతో జవాబిస్తుంది. జవాబు వస్తే మిత్రుడని తేలుతుంది. జవాబు రాకపోతే మాత్రం శత్రువని తేలదు. పరికరం చెడి ఉండవచ్చు, కట్టేసి ఉండవచ్చు, సంకేతం మారి ఉండవచ్చు, అసలు అది యుద్ధంతో సంబంధం లేని విమానం కావచ్చు. యుద్ధాల్లో కొన్ని ఘోరాలు ఈ మౌనాన్ని శత్రువు గొంతుగా వినడం వల్ల జరిగినవే.

ముప్కాల్ ఇంటికి ఈ కథతో ఏం పని

ముప్కాల్, బాల్కొండ, ఆర్మూర్, ఇటు బోధన్ దాకా గల్ఫ్‌తో బంధం లేని ఊరు వెతికినా దొరకదు. ఆ గల్ఫ్ ఆకాశంలో 1988 జులై 3న ఏం జరిగిందో మన ప్రాంతంలో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

ఆ రోజు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి దుబాయికి ఇరాన్ ఎయిర్ 655 ప్రయాణికుల విమానం లేచింది. కింద హోర్ముజ్ జలసంధిలో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ ఇరాన్ పడవలతో కాల్పుల్లో మునిగి ఉంది. ప్రపంచంలోనే అత్యాధునికమైన ఏజిస్ రాడార్ వ్యవస్థ ఆ నౌకలో ఉంది. విమానం పౌర విమానానికి తగిన సంకేతాన్నే పంపుతోంది, పైకి ఎక్కుతోంది. నౌకలో నమోదైన వివరాలు అదే చెప్పాయి. నౌకలోని మనుషులు మాత్రం అది ఎఫ్-14 యుద్ధ విమానమని, తమ మీదికి దిగుతోందని ఒకరికొకరు చెప్పుకున్నారు. రెండు క్షిపణులు వదిలారు. 290 మంది చనిపోయారు. అందులో 66 మంది పిల్లలు. పదిమంది భారతీయులు.

యంత్రం సరిగ్గానే చూసింది, మనసు తప్పు చదివింది. శత్రువు వస్తాడని ఎదురుచూస్తున్నవాడికి వచ్చినదల్లా శత్రువే. 1996లో అమెరికా, మరణించిన ఇరానీయుల కుటుంబాలకు 6 కోట్ల 18 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది గానీ చట్టపరమైన బాధ్యతను ఒప్పుకోలేదు.

2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వదిలినప్పుడు గల్ఫ్ దేశాలు కొన్ని గంటలపాటు తమ గగనతలాన్ని మూసేశాయి. విమానాలు దారి మళ్ళాయి, ప్రయాణాలు ఆగాయి. ప్రయాణికులకు అది తిప్పలే. అయినా ఆ మూసివేత వెనక 1988 పాఠం ఉంది. క్షిపణులు తిరిగే ఆకాశంలో ప్రయాణికుల విమానం ఉండకూడదు. సెలవుకు ఇంటికొచ్చే కొడుకు విమానం ఆలస్యమైందని బాధపడే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుంటే, ఆలస్యానికి అర్థం మారుతుంది.

దాచిన తప్పు మళ్ళీ చంపుతుంది

సొంతవారి చేతిలో చనిపోయిన సైనికుడి కుటుంబానికి రెండు దుఃఖాలు. ఒకటి మరణం. రెండోది ఆ మరణం గురించి నలుగురిలో చెప్పుకోలేకపోవడం. ప్రభుత్వాలు ఇలాంటి ఘటనలను గెలుపు కథల అడుగున దాచేస్తాయి. 1971 విజయం గురించి మనం ఎంతో చదివాం, విశాఖ తీరంలో విజయ స్మారకం దగ్గర ఫోటోలు దిగాం. ఖుల్నా మధ్యాహ్నం గురించి విన్నవారు ఎంతమంది? ఆ యాత్ర నడిపిన సామంతే 2019లో సందీప్ ఉన్నితన్‌తో కలిసి 'ఆపరేషన్ ఎక్స్' పుస్తకం రాసేదాకా ఆ రహస్య విభాగం కథ సామాన్య పాఠకుడికి అందనే లేదు.

దాచడం వల్ల పరువు నిలబడదు. తప్పు మాత్రం చెక్కుచెదరకుండా మరో తరం చేతికి వెళుతుంది. ఛంబ్‌లో ఏ మెట్టు దగ్గర కబురు ఆగిందో బహిరంగంగా చర్చించిన దేశం, ఖుల్నాకు పడవలు పంపేటప్పుడు ఆ మెట్టును ముందే బాగుచేసుకుంటుంది. పైలట్‌ను ఒక్కడినే బోనులో నిలబెట్టినా ప్రయోజనం లేదు. తొమ్మిది సెకన్ల మనిషిని శిక్షించి, తొమ్మిది రోజుల ముందు నుంచీ కబురు నడపవలసిన వ్యవస్థను వదిలేస్తే, మళ్ళీ అదే వరుసలో అదే ఖాళీ ఉంటుంది.

అందుకే ప్రతి యుద్ధం తర్వాత పౌరులు అడగవలసినవి మూడు. మనవాళ్ళ చేతిలో మనవాళ్ళు ఎంతమంది పోయారు? కబురు ఎక్కడ ఆగింది? ఆ ఖాళీని పూడ్చారా? ఈ ప్రశ్నలు సైన్యాన్ని అవమానించడానికి కావు. రేపు అదే ఆకాశం కింద నిలబడే సైనికుడి తరఫున అడిగేవి. రుహుల్ అమీన్ గాయపడింది మిత్రుల విమానాల దాడిలోనే అయినా బంగ్లాదేశ్ ఆయన్ను తన ఏడుగురు మహావీరుల్లో నిలుపుకుంది. ఆ నిజం వల్ల ఆయన గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు.

వచ్చే భాగంలో: 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బుడ్గాంలో మన క్షిపణికే మన ఎంఐ-17 హెలికాప్టర్ కూలి ఆరుగురు వాయుసైనికులు, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పేనని అదే ఏడాది అక్టోబరులో వాయుసేనాధిపతి ఆర్.కె.ఎస్. భదౌరియా విలేఖరుల ముందు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఎలా వచ్చింది, ఆ ఉదయం శ్రీనగర్‌లో కబురు ఏ మెట్టు దగ్గర ఆగింది అన్నది చూద్దాం.